పాత్రకు తెలియదు

పిల్లల నాటకాల మాస్టర్‌ని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒకప్పుడు హైదరాబాదులో సీరియళ్లకు బాలనటుల్ని ఎంపిక చేసిన మనిషి. సౌదీలోని అల్ ఖోబర్‌లో మాత్రం నివాస అనుమతి కార్డు, ఇకామా ప్రకారం డ్రైవరు. శుక్రవారాల్లో అజీజియాలోని మా ఇంటి హాల్లో తెలుగు పిల్లలకు నటన నేర్పేవారు. కథలో రాబోయేది పిల్లల మొహాల్లో ముందే కనిపించిందంటే ఆయనకు మండేది. రెండు వేళ్లతో నుదుటి మీద తట్టి, "నీకు తెలుసు, పాత్రకు తెలీదు" అనేవారు.

మా ఎనిమిదేళ్ల పాపను చూడగానే ఎంచుకున్నారు. "ఈ పాప మొహం చెప్పినమాట వింటాది సార్" అన్నారు. నేను పొంగిపోయాను.

విదేశీ కుటుంబాల మీద నెలనెలా తలకింతని లెవీ పడ్డాక, అందరిలాగే నేనూ భార్యాబిడ్డల్ని మళ్లీ తిరిగొచ్చే వీల్లేని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపేశాను. పాపకు మాత్రం సెలవులకని చెప్పాం. దమ్మామ్ విమానాశ్రయంలో అది నవ్వుతూ, "నా సైకిల్ ఎవరికీ ఇచ్చేయకు నాన్నా, వచ్చి తొక్కుతా" అంది. సైకిల్ అప్పటికే పక్కింటివాళ్లకు ఇచ్చేశాను.

తిరుగుదారిలో కారు నడుపుతున్న మాస్టర్‌తో, "పిచ్చిది, అంతా నమ్మేసింది" అన్నాను.

ఆయన కారు పక్కకు ఆపారు.

"పోయిన శుక్రవారం పాప అడిగింది సార్. 'మళ్లీ ఇక్కడికి రామని నాకు తెలుసు మాస్టర్, నాన్న ముందర తెలీనట్టు ఎట్లా ఉండాల' అని. నేనే నేర్పినా."

నేను ఆయన వైపు తిరిగి అడిగాను.

"ఆ సైకిల్ మాట కూడా మీరే నేర్పారా?"

"ఏ సైకిల్ సార్?" అన్నారాయన.