ఈగలు తోలే భీమన్న

బహ్రెయిన్‌లోని బుదైయాలో ఒక అరబ్బు తోటలో పనిచేసే భీమన్నకు కూలీల క్యాంపులో వేరే పేరుంది. ‘ఈగల భీమన్న’. పెట్టింది పక్క మంచం పరశురాం. అదీ వెక్కిరింపుకే.

సంగతేమిటంటే, ఆ తోట యజమాని ఏటా చలి విరిగే వేళకు ఏదో చల్లటి దేశం పోయి, కొండవాగుల్లో ట్రౌట్ అనే చేపల్ని పట్టి వస్తాడు. దానికి వానపాము అక్కర్లేదు, పిండిముద్ద అక్కర్లేదు. గాలానికి ఈకలు చుట్టి ఈగలా చేసి నీళ్లమీద విసరడమే. ఆయన ఓసారి తన పాత గాలపు కర్ర భీమన్నకిచ్చి, విసరడం నేర్పాడు. ఇంకేముంది! జగిత్యాల దిక్కు గంగపుత్రుల ఇంట పుట్టినవాడు ఊరుకుంటాడా? తోటలో కోడిపుంజు తోక బోసిపోయింది. శుక్రవారం వస్తే చాలు, సముద్రంలో మోకాటిలోతు నీళ్లలో నిలబడి విసిరిందే విసరడం. చేప మాత్రం ఒక్కటంటే ఒక్కటీ పడలేదు.

“గల్ఫుకొచ్చి ఈగలు తోలుతున్నవారా!” అని పరశురాం పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఆ పరశురామే ఈ ఫిబ్రవరిలో పని ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోతున్నాడు. భీమన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. “నువ్వు ఇమానం ఎక్కేలోపల నా ఈగకు పడ్డ చేపను నీకు తినిపిస్త. లేకుంటే ఈ కర్ర ఇరగ్గొడ్త, మల్ల ముట్ట!” అనేశాడు అందరి ముందూ.

ప్రయాణం నాటి పొద్దున ఇద్దరూ ఒడ్డుకు వెళ్లారు. ఎండ చురుక్కుమనేదాకా ఏమీ లేదు. భీమన్న జబ్బలు లాగేస్తున్నాయి. ఇక పోదామనుకునేసరికి దారం రయ్యిమని పరుగెత్తింది. కర్ర విల్లులా వంగింది. అబ్బ, ఏం పెనుగులాట! చివరికి చేతిలోకి వచ్చింది షేరి అనే అక్కడి సముద్రపు చేప, మూరెడు పొడవు, మిలమిలా మెరుస్తూ.

“పడ్డదిరో! పులుసే ఇగ!” అని పరశురాం బట్టలు తడిసేదీ చూడకుండా నీళ్లలోకి ఉరికాడు.

భీమన్న ముఖం మాత్రం పాలిపోయింది. కొత్తగా పట్టిన గాలానికి పడ్డ తొలి చేప గంగమ్మది. దాన్ని తినడం వాళ్లింట లేదు. మాట ఇచ్చేటప్పుడు ఒక్కటి పడితే చాలనుకున్నాడు గానీ, రెండు పడాలన్న సంగతి తలపుకే రాలేదు పిచ్చిమారాజుకు.

“ఇది గంగమ్మదే. నీది గాదు,” అన్నాడు.

“ఏందిరా? క్యాంపుల నిన్ను బతకనిస్తరా? ఎవరు నమ్ముతరురా!”

“నమ్మకుంటే మానె.”

గాలం జాగ్రత్తగా ఊడదీసి, చేపను రెండు చేతులా నీళ్లలో పట్టుకుని, కళ్లకద్దుకోవలసినదాన్ని కళ్లనిండా చూసి వదిలేశాడు. ఆ తర్వాత ఎంత విసిరినా రెండోది పడలేదు.

క్యాంపులో ఖాళీ బకెట్ చూసి ఒకటే నవ్వులు. “ఈగలన్న తోలొచ్చిండు!” అన్నాడు వంట చేస్తున్న బాబు. భీమన్న బకెట్ కింద పెట్టాడు. మాటంటే మాటే. కర్రను మోకాలికి ఆనించి వంచబోయాడు.

పరశురాం ఒక్క దూకున వచ్చి లాక్కున్నాడు.

“పట్టిండు! నేను చూసిన! నా నోటికాడి చేపను గంగమ్మకిచ్చిండు. ఇగ ఎవడన్న నవ్విండంటె పండ్లు రాలగొడ్త!” అని అరిచాడు.

ఎయిర్‌పోర్టుకు బయల్దేరేటప్పుడు పరశురాం కర్రను తిరిగి అతని చేతిలో పెట్టి, “ఊరికి వోంగనె మా గౌరవ్వక్కకు నేనే చెప్త. నీ పెనిమిటి బారెడు చేప పట్టిండని,” అన్నాడు.

భీమన్న ఛాతీ పొంగింది. అయినా తల అడ్డంగా ఊపాడు.

“మూరెడే. ఉన్నంతే చెప్పు. ఇడిసిన అని మాత్రం మర్వకు.”