అడిగి నడిచిన దారి

మా ఊళ్ళో దొరబాబు అనే పెద్దమనిషి ఉన్నాడు. పెద్దమనిషి అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు గానీ, ఊరంతా ఆ మాటే అంటుంది కాబట్టి నేనూ రాస్తున్నాను. మా ఊరు కడియం పక్కనే. రోడ్డు వారగా మొక్కలు ఎక్కించుకునే లారీలు, లారీల పక్కన సత్తియ్య టీ కొట్టు, కొట్టు ముందు బల్ల మీద దొరబాబు. ఆ బల్ల మీద ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు.

నేను రాజమండ్రిలో రత్నమాణిక్యం గారనే లేడీ ప్లీడరు దగ్గర గుమాస్తాని. కాపురం కూడా అక్కడే. నా జుట్టు నెరిసింది కోర్టు వరండాల్లోనే. అయినా నన్ను మా ఊళ్ళో ఎవరూ ఒక్క లా పాయింటు అడిగిన పాపాన పోలేదు. దొరబాబునైతే పెళ్ళాం అలిగి పుట్టింటికి వెళ్ళినా అడుగుతారు, గేదె పక్కవాడి చేలో పడినా అడుగుతారు. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, "సెక్షన్ ప్రకారం చూస్తే..." అని మొదలుపెడతాడు. ఏ సెక్షనో ఈనాటికీ చెప్పలేదు.

ఆ మహానుభావుడి చదువు కూడా చెప్పాలి కదా. బీఏ తప్పాడు. ఆ తర్వాత రాజమండ్రిలో కోర్టు ఎదురుగా టైపు మిషను పెట్టుకున్న బావమరిది దగ్గర ఒక వేసవి కాలం కూర్చున్నాడు. కార్బన్ కాగితాలు అందించాడు, టీలు తెప్పించాడు, వచ్చేపోయే ప్లీడర్లకి నమస్కారాలు పెట్టాడు. కార్బన్ మసి వేళ్ళకి అంటినట్టే చట్టం కూడా ఒంటికి అంటుకుందని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. తాతలిచ్చిన కొబ్బరితోట ఉంది కాబట్టి పొట్ట గడవడానికి వేరే పని అక్కర్లేదు. ఇక మిగిలిన జీవితమంతా ఊరికి ధారపోశాడు.

డబ్బు మాత్రం పుచ్చుకోడు. అందుకే జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. పుచ్చుకున్నా బాగుండేదని నేనంటాను. డబ్బిచ్చినవాడు పని చెడితే కనీసం గట్టిగా అడుగుతాడు. ఊరికే సలహా తీసుకున్నవాడు కొంప మునిగాక కూడా దండమే పెడతాడు.

సత్తియ్యనే చూడండి. కొట్టు స్థలంలో సగం తనదని పక్కవాడు దావా వేస్తే, కోర్టు మనిషి సమన్లు పట్టుకొచ్చాడు. "పుచ్చుకోకు. పుచ్చుకోకపోతే కేసు నీకు అంటదు" అన్నాడు దొరబాబు. సత్తియ్య ఆ కాగితం ముట్టుకోలేదు. సమన్లు కాదన్నా అందినట్టే లెక్క అని కోర్టుల్లో తిరిగే ఎవరినడిగినా చెబుతారు. ఇతను రాలేదు, అవతలివాడు చెప్పిందే నిజమని కోర్టు డిక్రీ ఇచ్చేసింది. కొట్టు సగానికి సగం తెగిపోయింది. ఆ మిగిలిన సగం కొట్టులోనే సత్తియ్య ఈనాటికీ దొరబాబుకి పొద్దునా సాయంత్రం టీ ఊరికే పోస్తున్నాడు. ఇలాంటివాళ్ళని చూస్తే జాలిపడాలో తిట్టాలో నాకు తెలియదు. నేను తిడతాను.

సరే, అది కొట్టు. పోతే పోయింది. బేబి వాళ్ళ సంగతి అలాంటిది కాదు.

బేబి వాళ్ళుండేది మా ఊరి దళితపేటలో, అక్కడ లూథరన్ చర్చి ఉంది. వాళ్ళ సమాధుల తోట పేటకి దూరంగా, హరిబాబు నర్సరీ వెనకాల ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ఆ నర్సరీ మధ్యలోంచి పోయే గట్టు ఒక్కటే దారి. హరిబాబు తండ్రి భీమరాజు గారి కాలంలో, అంతకు ముందు కూడా, ఆ గట్టు మీద నడవడానికి పేటవాళ్ళు ఎవర్నీ అడిగింది లేదు. పాటలు పాడుకుంటూ పెట్టె మోసుకొస్తుంటే భీమరాజు గారు పని ఆపించి పక్కన నిలబడేవాడు. బేబి తల్లి శాంతమ్మని అలాగే తీసుకెళ్ళారు. తండ్రి సామ్యేలు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ గట్టు మీదుగానే వెళ్ళి, భార్య సమాధి ఊడ్చి, కాసేపు కూర్చుని వచ్చేవాడు. తన చోటు కూడా ఆ పక్కనే అని అందరికీ చెప్పుకునేవాడు.

భీమరాజు గారు పోయాక హరిబాబు గట్టు మొదట్లో ఇనప గేటు పెట్టించి తాళం వేశాడు. ఆ ఆదివారం సామ్యేలు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. బేబి ఒక నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. పెద్దగా చదువుకోలేదు, కానీ చురుకైన మనిషి. ఆవిడ ఆ రోజే, "రాజమండ్రి వెళ్ళి ప్లీడరు గార్ని అడుగుదాం" అంది. పేట పెద్దలు వినలేదు. ఇంటి పక్కన దొరబాబు గారుండగా రాజమండ్రి దేనికన్నారు. అందరూ కలిసి టీ కొట్టు దగ్గరికి వెళ్ళారు.

దొరబాబు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ప్లీడరు దగ్గరికెళ్తే ఏమవుద్దర్రా? నోటీసు ఇప్పిస్తాడు. హరిబాబు గారికి కోపం వస్తుంది. రేపు మీకు పనులెవరిస్తారు? మనమేం రౌడీలమా? మర్యాదగా అడుగుదాం. మర్యాదగా అడిగితే ఎవరు కాదంటారు?"

మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ మాట చాలు. మర్యాద అనేసరికి మేం కరిగిపోతాం. కాలు తొక్కినవాడికి కూడా 'పర్లేదండి' అంటాం, వాడు కాలు తియ్యకపోయినా సరే.

దొరబాబు ముందు నడిచాడు, పేట వెనక నడిచింది. హరిబాబు ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు. మనిషి నోరు తెరిస్తే బెల్లమే.

"అయ్యో, అదేంటండి, మీరు అడగడం, నేను కాదనడమానండి? మొక్కలు ఎత్తుకుపోతున్నారని గేటు పెట్టించానంతే. ఎవరైనా కాలం చేస్తే కబురు చెయ్యండి. నేనే మనిషిని పంపించి తాళం తీయిస్తాను."

"ఆయ్, మీ దయండి" అన్నారు పేట పెద్దలు.

"మరి మా నాన్న ఆదివారాలు వెళ్తారండి" అంది బేబి.

"ఆదివారం ఎందుకమ్మా?" అని దొరబాబే అడ్డుకున్నాడు. "ఉన్నదానికి సంతోషించాలి."

అంతటితో ఆగినా కొంత నయం. ఆ క్రిస్మస్‌కి చర్చిలో హరిబాబుకి సన్మానం పెట్టించాడు దొరబాబు. బంతిపూల దండ, శాలువా. మైకు తానే పట్టుకున్నాడు. "ఇది పూర్తిగా వారి సొంత దారి. మనకి ఏ హక్కూ లేకపోయినా, దయ తలచి వాడుకోనిస్తున్నారు. ఇలాంటి దాతలు ఊరికి ఉండాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఊరికి ఒక్క గొడవ లేకుండా, ప్లీడరు గడప తొక్కకుండా సమస్య తీర్చిన ఘనత దొరబాబుది. చాలా కాలం చెప్పుకున్నాడు.

ఆ తర్వాత పేటలో చావులు జరిగాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్ళి చేతులు కట్టుకుని అడిగారు. ప్రతిసారీ గేటు తెరుచుకుంది. అలా మూడేళ్ళు దాటాక హరిబాబు ఆ గట్టుని చదును చేయించి, అడ్డంగా షేడ్‌నెట్ల పందిరి లేపాడు. అడగడానికి వెళ్ళినవాళ్ళతో, "క్షమించాలండి, ఇక కుదరదండి" అన్నాడు. కూల్‌డ్రింకులిచ్చి మరీ పంపించాడు. అప్పటికి సామ్యేలు మంచం పట్టి ఉన్నాడు.

ఈసారి బేబి ఎవర్నీ అడగలేదు. బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చింది.

రత్నమాణిక్యం గారు కాగితాలు పక్కన పెట్టి విన్నారు. ఆవిడ క్లయింటుని మధ్యలో ఆపరు. చివరికి బేబి అడిగింది: "పోలీసులకి చెబితే తీయించరాండి?"

"దారి తగాదా సివిల్ అంటారమ్మా వాళ్ళు. మీ కులం చూసి ఆపాడంటే అది వేరు. అప్పుడు నేరమవుతుంది. అలాంటి మాటేమన్నా అన్నాడా? విన్నవాళ్ళున్నారా?"

"ఎందుకంటారండి? ఆయన చాలా మర్యాదస్తుడు. అమ్మా అనే పిలుస్తారు."

"అవును, అనడు" అన్నారు రత్నమాణిక్యం గారు. "పోనీ, గేటు పెట్టింది ఎప్పుడు?"

బేబి చెప్పింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నాకు అర్థమైంది.

"చూడమ్మా, ఒకరి భూమిలోంచి ఇరవై ఏళ్ళకి పైగా బాహాటంగా, ఎవర్నీ అడక్కుండా, ఎవరూ ఆపకుండా నడిస్తే ఆ దారి మీద మీకు హక్కొస్తుంది. మీకు ఎప్పుడో వచ్చింది. గేటు పెట్టిన వారమే నువ్వొచ్చి ఉంటే ధైర్యంగా వేసేదాన్ని. ఆపిన రెండేళ్ళలోపు కోర్టుకి రావాలి. అది దాటిపోయింది. అదొక్కటే కాదు, ఆ తర్వాత అడిగి వెళ్ళారు. అడిగి నడిస్తే అది హక్కు కాదమ్మా, వాడి దయ. దయ ఎప్పుడైనా మానుకోవచ్చు."

"మర్యాద కోసం అడిగామండి."

"కోర్టుకి మర్యాద వేరుగా కనపడదమ్మా."

"మరి మా నాన్న సంగతేంటండి?"

రత్నమాణిక్యం గారు అబద్ధం చెప్పలేదు. తరతరాల ఆచారం మీద దావా వేద్దాం, పందిరి తీసి దారి వదలమని ముందుగా ఒక ఆర్డరు అడుగుదాం, ఇస్తారని మాత్రం మాట ఇవ్వలేనన్నారు. బేబి వేయమంది.

వేశాం. అవతలి ప్లీడరు ఎక్కువ కష్టపడలేదు. క్రిస్మస్ ఫోటో పెట్టాడు. దండ వేసుకున్న హరిబాబు, పక్కన మైకుతో దొరబాబు, వెనక చప్పట్లు కొడుతున్న పేట. దాంతోపాటు ఆ రోజు తానేం మాట్లాడిందీ వివరంగా రాసి సంతకం చేసిన దొరబాబు అఫిడవిట్టు. ఎందుకు చేశావయ్యా అని నేనే అడిగాను. "సత్యం చెప్పాలి కదండీ" అన్నాడు. జీవితంలో ఒక్కసారి సత్యం చెప్పాడు, అది కూడా ఎవరి గొంతు మీద పెట్టి చెప్పాడో చూడండి. ఆర్డరు రాలేదు. దావా మాత్రం నడుస్తోంది.

వాయిదాల మధ్యలో సామ్యేలు పోయాడు. కాలవ అవతల పక్క ఊరి చర్చివాళ్ళని బతిమాలి, వాళ్ళ తోటలో ఒక మూల చోటు తీసుకున్నారు. పెట్టె ట్రాక్టరు మీద వెళ్ళింది. నేనూ వెళ్ళాను. దొరబాబు కూడా వచ్చాడు, తెల్లబట్టలు కట్టుకుని. "ఎక్కడైతేనేం అమ్మా, మట్టంతా దేవుడిదే" అని బేబి తల నిమిరాడు. అఫిడవిట్టుతో ఆ గట్టు మట్టి మీద హరిబాబుకి హక్కుపత్రం రాసిచ్చినవాడు ఇతనే. నాకు ఒళ్ళు మండిపోయింది. బేబి అక్కడ కూడా, "వచ్చినందుకు సంతోషమండి" అంది.

నేను దొరబాబుని వట్టి మూర్ఖుడనే అనుకున్నాను. లేని తెలివి ప్రదర్శించే రకం, అంతే అనుకున్నాను. మొన్న వానాకాలంలో ఆ కాస్త గౌరవం కూడా పోయింది.

ఆ రోజు బేబి వాయిదా కోసం పొద్దున్నే వచ్చి, ఆఫీసు కుర్చీలో చెప్పులు విడిచి కూర్చుంది. రత్నమాణిక్యం గారు ఇంకా ఇంటి నుంచి రాలేదు. బేబి మంచినీళ్ళు తాగడానికి అలా లేవగానే దొరబాబు దిగాడు. చెమటలు కక్కుతూ ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. పక్కింటి పల్లంరాజు, తన స్థలంలోంచి ఈయన పెరటి నీళ్ళు పోయే బోదెకి అడ్డంగా గోడ లేపాడట.

"ఎప్పుడు?" అన్నాను.

"నిన్న మధ్యాహ్నం. పొద్దున్న మొదటి బస్సుకే బయల్దేరాను."

గ్లాసు పట్టుకుని వచ్చిన బేబి ఇది విన్నది. "ఏంటండీ, వెళ్ళి మర్యాదగా అడక్కపోయారా?"

దొరబాబు ఆవిడ వైపు చూసి నవ్వాడు. చిన్నపిల్లకి పాఠం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "పిచ్చిదానివమ్మా నువ్వు. అడిగితే సరేనంటాడు. సరేనన్నాక నీళ్ళు వాడి దయతో పోతున్నట్టే కదా. రేపు కోర్టులో మనకి హక్కంటూ ఏం మిగులుద్ది? ఇలాంటివాటికి ఒక్క రోజు కూడా ఆగకూడదు. తిన్నగా ప్లీడరు దగ్గరికి వచ్చెయ్యాలి."

తానేమన్నాడో ఆయనకి తెలియలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఈ సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసండి?" అంది బేబి.

"ఇందులో తెలియనిదేముందమ్మా, ఎప్పట్నుంచో..." అని ఆగాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"మరి మాకు అడగమని చెప్పారేంటండి?"

"మీది వేరు కదమ్మా" అన్నాడు. ఏ సిగ్గూ లేకుండా, నిజంగా వేరనే నమ్మకంతో అన్నాడు. "మీవాళ్ళు కోర్టుకెక్కితే ఊళ్ళో ఏం బాగుంటుంది? నేనుండగా అలా జరిగితే హరిబాబు గారు నన్నేమనుకుంటారు? మీకు గేటు తీయిస్తానన్నారు కదా అని..."

బేబి గ్లాసు నా బల్ల మీద పెట్టింది. పేటలో పుట్టినవాళ్ళ నోట ఆయన పేరు 'గారు' లేకుండా ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

"లే, దొరబాబూ" అంది. గొంతు పెంచలేదు. "అది నా కుర్చీ. నేను ముందొచ్చాను."

ఆయన నా వైపు చూశాడు. ఏదో ఒకటి అంటానని కాబోలు. నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను, చాలా ఏళ్ళ తర్వాత నాకు అది చూడబుద్ధయింది. మెల్లిగా లేచి గుమ్మం అవతల నిలబడ్డాడు. బేబి కూర్చుంది.

కాసేపటికి రత్నమాణిక్యం గారు వచ్చి, చేతిలో నల్లకోటు కుర్చీకి తగిలిస్తూ ఎవరున్నారని అడిగారు.

"బేబి గారున్నారండి" అన్నాను. "ఇంకెవరూ లేరు."