పైకి చెప్పని పని

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసులో మా టీమ్ లీడ్ మేడమ్ పాత బెంగళూరు తెలుగావిడ. నా కోడ్ చూడగానే ఫంక్షన్ మొదట్లో, అదేం తీసుకుని ఏమిస్తుందో చెప్పే టైపు మీద వేలు పెట్టేవారు.

"చెప్పకుండా ఏం ముట్టుకుంటా ఉండాదప్పా ఇది?"

ఫంక్షన్ లోపల ఫైలు మార్చినా, నెట్‌వర్క్‌కి వెళ్ళినా ఆ సంగతి టైపులో కనిపించాలి. దాన్ని వాడుకునే ప్రతి ఫంక్షనూ ఆ మాటను తన టైపులోనూ మోయాలి. ఇదేం చాదస్తమని విసుక్కునేవాణ్ణి.

ఒకసారి ఊరికెళ్తున్నానని సెలవు పెట్టారు. తిరిగొచ్చాక చూస్తే మెడ మీద కుట్లు. ఆపరేషనట.

"మాకొక్క మాటైనా చెప్పలేదేం మేడమ్?" కోపంగానే అడిగాను.

చున్నీ మెడ మీదికి లాక్కుని, అలవాటుగా నా స్క్రీన్ మీద టైపు దగ్గర వేలు పెట్టారు.

"చెప్తే మీరంతా మోయల్ల కదప్పా."