చివరి చాప

నేల కదిలే ముందు నాకు నడుము లాగేది. పంటు మీద గోదావరి దాటుతున్నట్టు తల తూలేది. ఆ వెంటనే, నెల తిరగకుండానే, నెలసరి వచ్చేసేది. డెబ్బైల చివర్లో మా నరసాపురంలో గూట్లో గిన్నెలు గలగలలాడేపాటి ప్రకంపనలు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ నాకు అలాగే జరిగింది. అందులో ఎంత నిజముందో ఇప్పటికీ తెలియదు.

అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మ అరుగు మీద లేసు అల్లుతూ పక్కింటి అత్తతో అనేసింది. సాయంత్రానికి మా చర్చి సంఘంలో ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది.

"ఏమే పిల్లా, గిన్నెలు కిందికి దింపుకోమంటావా?" అంది అత్త కుళాయి దగ్గర.

"నవ్వకు వదినా! కడవరి దినాల్లో భూకంపాలొస్తాయని పాస్టరుగారు చెప్పలేదేంటి?" అంది ఇంకొకావిడ.

నవ్వినవాళ్లూ భయపడినవాళ్లూ నా పరికిణీ వైపే చూసేవారు. బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

మా సంఘంలో ఎవరూ పైకి చెప్పని ఆచారం ఒకటుండేది. ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం, ముట్టులో ఉన్న ఆడవాళ్లు గుమ్మం పక్కన చివరి చాప మీద కూర్చునేవారు. రొట్టె పళ్లెం అక్కడిదాకా వచ్చేది కాదు.

కాలువలో బాప్తిస్మం పొందాక నేను మొదటిసారి రొట్టె తీసుకోవలసిన ఆదివారం అది. ఎన్నాళ్లుగానో ఎదురుచూశాను. అమ్మ నా తెల్ల ఓణీకి లేసు అంచు కుట్టింది. తీరా ఆ పొద్దున్నే, రావలసిన రోజుకు చాలా ముందుగా, నెలసరి వచ్చింది.

"చివర కూర్చో. ప్రభువుకి తెలుసులే," అంది అమ్మ.

ముసుగు లాక్కుని కూర్చున్నాను. ప్రార్థన మధ్యలో అత్త వెనక్కి తిరిగింది. నన్ను చూసి పక్కావిడను పొడిచింది. "దీనికి మొన్ననే కదే అయింది!" అని గుసగుస. ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని బయటికి పరుగెత్తింది. ఆవిడ వెనక ఆడవాళ్లంతా లేచారు. ఎందుకో తెలియకపోయినా మగవాళ్లూ లేచారు.

"ఏంటమ్మా? ఏమైంది?" అన్నారు పాస్టరుగారు, రొట్టె చేతిలోనే ఉండగా.

ఒక ముసలావిడ నావైపు వేలు చూపింది. "ఈ పిల్ల చివరి చాప మీద కూర్చుందండి. భూమి కదుల్తుందండి!"

మగవాళ్లందరి ముందూ ఆ మాట అంది. అందరూ బయట ఇసుకలో నిలబడి కిటికీల్లోంచి నన్ను చూస్తున్నారు. నేను లేవలేకపోయాను. లేస్తే పరికిణీ ఎలా ఉందో తెలియదు. అప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థించాను: ప్రభువా, నేల కదిలించు. ఒక్కసారి గట్టిగా కదిలించు, వీళ్లు నన్ను మరిచిపోయేలా.

నేల కదలలేదు.

కాసేపటికి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. "కదల్లేదేంటే?" అంది అత్త, నేనేదో మాట తప్పినట్టు. పాస్టరుగారు పళ్లెం తానే పట్టుకుని చివరి చాపదాకా నడిచి వచ్చి, నా ముందు వంగారు.

"తీసుకోమ్మా. నిన్ను ఎవరూ ఆపలేరు."

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన పళ్లెం వెనక్కి తీసుకుపోయారు.

ఆచారం తప్పని పిల్లనని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. నేను చేయి చాచనిది ముట్టు వల్ల కాదు. పసిపిల్లలు ఆడుకునే ఆ ఊరు కంపించాలని అడిగిన నోట్లో ఆ రొట్టె ఎలా పెట్టుకోను?