తెర మీద మా నాన్న

ఏలూరులో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. జాకెట్లకి కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లతో గది నిండి ఉన్నప్పుడే, ఎందుకో ఆ వేళకే, ఒక కుర్ర కానిస్టేబుల్ వచ్చేవాడు. మర్యాదస్తుడు. లోపల అడుగుపెట్టకుండా గుమ్మం అవతలే నిలబడి, "ఏవండీ, పెద్దాయన ఉన్నారాండీ?" అని అడిగేవాడు.

మా నాన్న లోపలినుంచి వచ్చి షాపు ముందు గోడకి ఆనుకుని నిలబడేవాడు. కానిస్టేబుల్ సెల్‌ఫోన్‌లో ఆయన ఫొటో తీసుకునేవాడు. ఎక్కడ తీశారో, ఎన్నింటికి తీశారో కూడా ఫొటోతోపాటే పైఆఫీసుకి వెళ్లిపోతుందట. మనిషి ఊళ్లోనే ఉన్నాడు, తిన్నగా ఉన్నాడు అనడానికి అదే సాక్ష్యం. ఇదిగాక ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టి రావాలి. మా నాన్న మీద రౌడీషీటు ఉంది.

"ఎవరండీ ఆ పోలీసాయన?" అని ఎవరైనా అడిగితే, "నాన్నకి తెలిసినాయనండీ" అనేదాన్ని. కొలత మర్చిపోయి టేపు మళ్లీ మొదటినుంచీ పట్టేదాన్ని.

వయసులో ఉన్నప్పుడు నాన్న కొల్లేరు లంకల్లో ఒక ఆసామి చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. గట్టు ఎవరిదన్న తగాదాలో రెండు పక్షాలూ కర్రలతో కలబడ్డాయి. అవతలివాళ్లలో ఒకతని చెయ్యి విరిగింది. విరిచింది నాన్నే. ఆ సంగతి ఆయన ఎప్పుడూ కాదనలేదు. ఆసామి పంపితే మరో గొడవకి కూడా వెళ్లాడు. దాంతో షీటు తెరిచారు. కేసులు రాజీలో పోయాయి గానీ షీటు పోలేదు. పంపిన ఆసామికి ఏ షీటూ లేదు. ఏలూరు వచ్చేశాక నాన్న ఎవరి మీదా గొంతు కూడా పెంచలేదు. అమ్మ పోయాక నా షాపులో కాజాలు కుట్టడం నేర్చుకున్నాడు.

ఆ మధ్య మా వీధిలో బైకులు మాయమవడం మొదలైంది. పాలకి వెళ్లొస్తున్న ఒక ముసలావిడ మెళ్లో గొలుసు తెంపుకుపోయారు. అప్పుడే కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారు షాపులవాళ్లనీ వీధి పెద్దల్నీ ఒక కల్యాణమండపంలో సమావేశానికి పిలిచారు. నేనూ వెళ్లాను.

ఆయన మాటలు నాకు నచ్చాయి. "మేం ఉన్నదే కొద్దిమందిమండీ. సందుకొక మనిషిని నిలబెట్టలేం. మీరంతా తలో కెమెరా వీధివైపు తిప్పి పెట్టుకుంటే దొంగకి దారుండదు. మీరు మాకు కళ్లవ్వాలి" అన్నారు. నేనూ ఒకటి పెట్టించుకుందామని అక్కడే అనుకున్నాను.

తర్వాత తెర మీద, ఈ స్టేషన్ పరిధిలో నిఘాలో ఉన్నవాళ్లంటూ ఫొటోలు చూపించారు. ఎవరెవరివో మొహాలు వచ్చాయి, వెళ్లాయి. ఆ వరసలో మా నాన్న వచ్చాడు.

గోడకి ఆనుకుని ఉన్నాడు. పక్కన హ్యాంగర్లకి నేను కుట్టిన జాకెట్లు. పైన నా షాపు బోర్డు సగం. ఫొటో తీస్తున్న కుర్రాణ్ణి నొప్పించకూడదనేమో, కొంచెం నవ్వుతున్నాడు కూడా. ముందువరసలో కూర్చున్న నా కస్టమరు ఒకావిడ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించేశాను.

అప్పుడు మా ఎదురుకొట్టు సాయిబుగారు లేచారు. నా కుట్టుమిషన్లు బాగుచేసేది ఆయనే.

"అయ్యా, ఆ ఫొటోలో మనిషి మా వీధేనండి. గొలుసు లాక్కుపోతే ముసలావిడ కిందపడిపోయిందే, ఆవిణ్ణి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది ఈయనేనండి. ఈయన్ని కూడా వీళ్లలో కలిపేస్తే ఎలాగండి?"

ఇన్‌స్పెక్టర్ గారు నొచ్చుకున్నారు. "షీటున్నవాళ్లందరి ఫొటోలూ పెట్టేశారండీ మావాళ్లు. ఎవరు మారారో ఎవరు మారలేదో ఇందులో తెలీదు. అలాగని చూడ్డం మానేస్తే, రేపేదైనా జరిగితే ఎందుకు చూళ్లేదని మీరే అడుగుతారు" అన్నారు. ఆ తర్వాత హాలంతా కలయజూసి, "ఆయన తాలూకు వాళ్లెవరైనా వచ్చారా?" అని అడిగారు.

సాయిబుగారు ఒక్కసారి నా వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు. నేను చెయ్యెత్తలేదు.

ఇంటికొస్తే నాన్న అన్నం వార్చి పెట్టి ఉన్నాడు. "ఏం చెప్పారమ్మా?" అన్నాడు.

"కెమెరాలు పెట్టుకోమన్నారు."

"మంచిదేగా. పెట్టించు."

మర్నాడు ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. మధ్యాహ్నం కాజాలు కుడుతూ కుడుతూ సూది ఆపి, "తెర మీద ఫొటోలో నీ షాపు బోర్డు కూడా పడిందటగా. ఈసారి ఆ అబ్బాయికి చెబుతాలే, మలుపులో ఆ గోడ దగ్గర తియ్యమని" అన్నాడు. నేను మిషన్ గట్టిగా తొక్కాను.

ఆ వారమే, పెళ్లి జాకెట్లు ఇచ్చినావిడ వచ్చి గుడ్డలు వెనక్కి పట్టుకెళ్లింది. "మా అమ్మాయి వేరేచోట కుట్టించుకుంటానందండీ. మీరేమీ అనుకోకండి" అంది. ఆవిడ తర్వాత ఇంకొందరూ రావడం మానేశారు.

కెమెరాలు పెట్టించాం. అవి పనికొచ్చాయి, ఆ మాట చెప్పాలి. బైకులు తీసుకుపోతున్నది పక్కవీధి మేడమీద అద్దెకున్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్లని తేలింది. గొలుసు కూడా వాళ్ల పనే. పెద్దింటి పిల్లలు. కేసు పెట్టారు, బెయిలు వచ్చింది. చదువు పాడవుతుందని వాళ్ల పేర్లు ఎవరూ పైకి అనలేదు. వీధిలో దొంగతనాలు ఆగాయి. పోయిన కస్టమర్లు మాత్రం రాలేదు.

ఒకరోజు నాన్న, "గణపవరం దగ్గర చెరువు మీద కాపలాకి మనిషి కావాలంటున్నారు. వెళ్తానమ్మా. అక్కడి స్టేషన్‌లో చెప్పుకుంటే సరిపోతుందట" అన్నాడు.

తాడేపల్లిగూడెంలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను, కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకోవే అని. "మా అత్తగారికి ఇవేవీ తెలీవే. ఇక్కడికొద్దు" అంది. నువ్వసలు కూతురివేనా అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి ఏం చేశాను? నాన్న బట్టలు మడతపెట్టి సంచిలో సర్దాను. ఉండమని మాత్రం అనలేదు.

నాన్న వెళ్లిపోయాక సాయిబుగారే ముందుపడ్డారు. వీధిలో నలుగురి చేత అర్జీ మీద సంతకాలు పెట్టించి, నన్ను వెంటపెట్టుకుని ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లారు. హాల్లో అడిగినప్పుడు ఎందుకు పలకలేదని ఇన్‌స్పెక్టర్ గారు నన్ను అడగలేదు. షీటు మూసెయ్యవచ్చని తనే రాసి పైకి పంపారు. అది తిరిగి రావడానికి చాన్నాళ్లే పట్టింది. చివరికి కానిస్టేబుల్ వచ్చి, "పెద్దాయనకి చెప్పండమ్మా, షీటు మూసేశారు. ఇంక ఆయన ఏ స్టేషన్‌కీ రానక్కర్లేదు" అన్నాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికొచ్చాడు. మంచినీళ్లు తాగి వెళ్లాడు.

మర్నాడే బస్సెక్కి చెరువు దగ్గరికి వెళ్లాను. నాన్న పడవలో నిలబడి తవుడు సంచులు కర్రలకి కడుతున్నాడు. చేపలకి మేత అది. గట్టు మీదినుంచే కేకేసి చెప్పాను. కడుతున్న ముడి పూర్తిచేసి ఒడ్డుకొచ్చాడు. "మంచి మాట చెప్పావమ్మా" అన్నాడు. అంతే. కాసేపు ఇద్దరం పాకలో కూర్చున్నాం. సాయిబుగారు ఎలా ఉన్నారని అడిగాడు. షాపు ఎలా నడుస్తోందని అడిగాడు.

"ఫర్వాలేదు నాన్నా. ఇప్పుడిప్పుడే కొత్తవాళ్లు వస్తున్నారు" అన్నాను.

ఇంటికి రా అని చెప్పడానికే వెళ్లాను. ఆ కొత్తవాళ్ల మాట అన్నాక, వాళ్లు గుమ్మంలో నాన్నని చూసి ఎవరని అడగడం కళ్లముందు మెదిలింది. తిరుగు బస్సు ఎన్నింటికని అడిగాను. నాన్న నా మొహం చూశాడు. అర్థమైందనుకుంటాను.

"ఇక్కడ నాకు బాగానే ఉందమ్మా. గాలి బాగుంటుంది" అన్నాడు.

బస్సు దాకా వచ్చి, సాయిబుగారికి ఇవ్వమని చేపల సంచి నా చేతికిచ్చాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏలూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.