నేను ఆపిన పెళ్లి

పీటల మీది పెళ్లి ఆపినవాడికి ఏ శిక్ష పడుతుందో నన్నడగండి. కాలనీ అంతా చూస్తుండగా ఆపాను. పెళ్లికూతురు అప్పుడే మీసం గీయించుకున్న మగమనిషి కాబట్టి బతికిపోయాను.

మా చంద్రపూర్ లైబ్రరీలో తెలుగు పుస్తకాల అలమారా ఒక్కటే. దాన్ని చెదలు కూడా సిగ్గుపడేలా నమిలేశాను. పూర్వం కళలను రాజులు పోషించేవారని అందులోనే చదివాను. మరి రాజులు పోయాక ఎవరు పోషించాలి? సర్కారే అనుకుని, మా కొమురయ్య మామ ఒగ్గుకథ మేళం కోసం దరఖాస్తు పెట్టించాను. డోలు కొట్టేవాళ్లు ఒక్కొక్కరే కూలిపనికి పోతున్నారు. సాయం రాకపోతే వచ్చే ఏడు మేళమే ఉండదు. కథ చూసి తేల్చడానికి నాగపూర్ నుంచి ఒక మరాఠీ సాహెబు వస్తున్నారు.

"మామా, సాహెబ్ ముంగట జనం కాడ చెయ్యి చాపుడు బంద్ చెయ్యి," అన్నాను.

"గది చెయ్యి చాపుడు కాదురా అల్లుడా, కట్నం. కథల పెండ్లి అయితుంటే జనం చదివిస్తరు. వాళ్లు చదివియ్యకుంటే పెండ్లి ఎట్ల నడుస్తది?"

"పుస్తకాలు చదివింది నేనా, నువ్వా?"

మామ సరేనని తలూపాడు. చదివినోడి మాట చద్దన్నం మూట అనుకున్నాడేమో. ఆ మూట పాచిపోయిందని పాపం ఇద్దరికీ తెలియదు.

ఆదివారం పొద్దున పద్మాపూర్ గని కాలనీ మైదానంలో కథ. వచ్చినవాళ్లందరినీ టెంటు దగ్గరే ఆపి, "ఈసారి కట్నాల్లేవు, సర్కారే ఇస్తది," అని చెప్పాను. రాజవ్వ పెద్దమ్మ చంకలో రైకగుడ్డ ఉంది.

"ఏటా పిల్లకు మేనత్తనై పెడ్తనురా."

"ఈసారి ఉట్టిగ చూడు పెద్దమ్మా."

"ఉట్టిగ చూసేటందుకు ఇంట్ల టీవీ లేదా?"

కథ పెళ్లిదాకా పాలపొంగులా వచ్చింది. చీర కట్టిన పెళ్లికూతురు వేషగాడి ముందు పుస్తె పట్టుకుని పెళ్లికొడుకు వేషగాడు చెయ్యెత్తాడు. అలవాటు కొద్దీ మామ, "పిల్ల తరఫోళ్లు ఎవరయ్యా?" అని పిలిచాడు. ఒక్కరూ లేవలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. మామ మళ్లీ పిలిచాడు. డోలు తడిసిన అప్పడంలా మెత్తబడింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సాహెబు నావైపు వంగి, "పుఢే కాయ్?" అన్నారు, తర్వాతేమిటని.

"మౌనం సార్. కళలో భాగం."

కాసేపు ఆ మౌనాన్ని ఆస్వాదించి, మామ పిలుపుకు అర్థం పక్కవాళ్లతో చెప్పించుకుని ఆయన హిందీలో అడిగారు: "ఇంతమంది ఉన్నారు, పిల్ల తరఫున ఒక్కరూ లేరా? వీళ్లకే పట్టని కథకు సర్కారు ఎందుకివ్వాలి?"

నా కాళ్లకింద గని కుంగింది. మామ ఇది విని, తనకొచ్చిన హిందీలో అందుకున్నాడు.

"సాహెబ్, పెండ్లి ఆపినోడు మీ పక్కకే కూసున్నడు. ముందుగాల వాణ్ని చదివియ్యమనండి."

నా దగ్గర ఉన్నదల్లా సాహెబుకు సన్మానం చేయడానికి తెచ్చిన శాలువా. వెళ్లి పెళ్లికూతురికి కప్పాను.

"పెండ్లి ఆపిన పెద్దమనిషి, పిల్లకు మేనమామై శాలువా చదివించె!" అని మామ గొంతెత్తాడు. డోలు ఒక్కసారిగా లేచింది. రాజవ్వ నన్ను మోచేత్తో పక్కకు నెట్టి రైకగుడ్డ పెట్టింది. వెనకే గిన్నెలు, చెంబులు, కందిపప్పు. అన్నీ కొంగుల కింద దాచుకునే వచ్చారు!

ఎవరు పిల్లకు ఏమవుతారో పక్కవాళ్లు హిందీలో చెబుతుంటే సాహెబు ఆగలేకపోయారు. "మరి నేను పిల్లకు ఏమవుతాను?"

"చిన్నాయన," అన్నాడు మామ. ఆయన జేబులోని పెన్ను తీసి చదివించారు. అప్పుడు పుస్తె పడింది.

సాహెబు వీడ్కోలు వేళ సన్మానం శాలువా కోసం పెళ్లికూతురి వైపు ఆశగా చూశాను.

"ఆడపిల్లకు పెట్టింది వాపస్ తీస్కుంటరారా?" అంది రాజవ్వ.

చిన్నాయన ఉత్త భుజాలతోనే వెళ్లిపోయారు. ఆ తర్వాత సాయం మంజూరైంది, ఒక్క షరతుతో: ప్రేక్షకుల కట్నాలు ఎవరూ ఆపరాదు.

కాబట్టి మహాజనులారా, లైబ్రరీ అలమారా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ పెళ్లీ ఆపను. ఆపుదామన్నా వీలు కాదు. ఏటా మామ మొదటి పిలుపు, "పెండ్లి ఆపినోడు ఏడీ?" అనే. నేను శాలువాతో ముందు వరసలోనే కూర్చుని ఉంటాను.