మార్తమ్మ సిస్టరు అనుమానం

మొన్న పంటి డాక్టరు గదిలో స్పిరిట్ వాసన తగలగానే మార్తమ్మ సిస్టరు నా పక్కనే నిలబడి, ఆయన్ను ఏదో అడగబోతున్నట్టు అనిపించింది.

ఎనభైల మొదట్లో, నాకు ఇరవై మూడేళ్లప్పుడు, మెడ దగ్గరి గడ్డ క్యాన్సరని తేలింది. జహీరాబాద్ నుంచి బస్సులో హైదరాబాదు వెళ్లి మందు ఎక్కించుకునేదాన్ని. ఆ మందుతో అండాశయాలు దెబ్బతినవచ్చనీ, పిల్లలు పుట్టకపోవచ్చనీ అక్కడి డాక్టరు చెప్పాడు. అప్పటికి నా పెళ్లయి ఏడాదే. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దంది అమ్మ. మా వీధిలో ఉండే మార్తమ్మకు మాత్రం చెప్పాను. ఆమె ఓ చిన్న దవాఖానలో నర్సు.

అప్పుడే బస్టాండు దగ్గర ఒకాయన చైనా సూదుల వైద్యం మొదలుపెట్టాడు. పొట్ట మీద, కాళ్ల మీద సన్నని సూదులు గుచ్చితే అండాశయాలు చెడిపోవని అమ్మకు హామీ ఇచ్చాడు. అమ్మ ఆశపడింది. నేనూ ఆశపడ్డాను. మార్తమ్మ వద్దనలేదు, వెంట వచ్చింది.

"గిసొంటి మందు ఎక్కించుకునేటోళ్లకు ఎంతమందికి చేసిన్రు, డాక్టర్ సాబ్?"

"చానామందికి."

"ఒక్కరి పేరు చెప్పున్రి. పోయి అడిగొస్త."

ఆయన నవ్వాడు, పేరు మాత్రం చెప్పలేదు. ఆమె సూదుల డబ్బా చేతిలోకి తీసుకుంది. "ఈ పిల్ల నెత్తుర్ల బలం లేదు. జర గలీజు సోకినా పానం మీదికొస్తది. నా ముంగట ఉడకబెట్టున్రి."

అమ్మ సిగ్గుతో తల దించుకుంది. నాకు మార్తమ్మ మీద మండిపోయింది. ఉన్న ఒక్క ఆశనూ అనుమానించాలా? అయినా ప్రతిసారీ ఆమె ఎదుటే సూదులు ఉడికాయి. రక్తపరీక్ష బాగాలేని వారాల్లో నన్ను ఇల్లు కదలనివ్వలేదు. సూదులు వేయించుకున్నాక వాంతులు కాస్త తగ్గినట్టుండేది. నెలసరి మాత్రం ఆగిపోయింది.

చికిత్స ముగిసిన ఎనిమిది నెలలకు నెలసరి మళ్లీ వచ్చింది. అమ్మ సంతోషం పట్టలేక సూదులాయనకు చెప్పింది. మర్నాడే ఆయన గుమ్మం పక్కన నల్లబోర్డు మీద నా పేరు, నా జబ్బు, తన సూదుల గొప్ప, అన్నీ సుద్దముక్కతో రాసి ఉన్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి చదువుతున్నారు. మార్తమ్మ తడిబట్ట తీసుకుని వెళ్లి, ఆయన చూస్తుండగానే అంతా తుడిచేసింది.

"సూదులతోని కాలేదంటవా?" అన్నాను ఉక్రోషంగా.

"కాలేదంటలేను బిడ్డా. అయిందని గూడ అంటలేను. నీది చిన్న వయసు, దానంతటదే వచ్చిందేమో. నాకెర్క లేదు. గాయనకూ ఎర్క లేదు. మరి నలుగురికీ ఎట్ల చెప్తడు?"

రెండేళ్లకు నాకు కూతురు పుట్టింది. మార్తమ్మ పాపను ఎత్తుకుంది. ఆమె కళ్లు తడవడం ఆ ఒక్కసారే చూశాను.

ఇప్పటికీ న్యాల్‌కల్ నుంచో, రాయికోడ్ నుంచో నా సంగతి విన్న ఏ తల్లో జబ్బుపడ్డ కూతురిని వెంటబెట్టుకొచ్చి, "సూదులు పనిచేసినయా అమ్మా?" అని అడుగుతుంది. ఆ ముఖం చూస్తే ఔననాలని నోటిదాకా వస్తుంది. "నాకు తెల్వదు" అంటాను. ఆపైన చెప్పులేసుకుని, వాళ్లతో పాటు, ఆ పిల్లకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి బయలుదేరతాను.